సెలవు రోజున తీసిన కొలతలు

తుమ్మినా తేదీ వేసుకునే మనిషినని నా భార్య నా గురించి చెబుతుంది. అందులో కొంత అతిశయోక్తి ఉంది. తుమ్ముకు నేను తేదీ వేయను, జలుబుకు వేస్తాను. జలుబు మొదలైన రోజు, తగ్గిన రోజు, నడుమ మింగిన మాత్రల సంఖ్య నా దినచర్య పుస్తకాల్లో దొరుకుతాయి. ఇంట్లో కొత్త చీపురు వాడకంలోకి వచ్చిన రోజు కూడా దొరుకుతుంది. ఇంత జాగ్రత్తగల మనిషి చేసిన పొరపాటు చిన్నదిగా ఉండదు కదా. అదెంత పెద్దదో ఇక్కడ రాస్తున్నాను.

నీలం నగర్‌లో మాది ముందు షెడ్డు, వెనక ఇల్లు. షెడ్డులో నాలుగు మరమగ్గాలున్నాయి. మా వాడుకలో అవి సాంచాలు. వాటి మీద తువ్వాళ్లు నేస్తాను. షెడ్డును ఆనుకొని రేకుల వరండా, దాని వెనక రెండు గదులు. వరండాలో పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఐదు వరకు ముగ్గురు ఆడవాళ్లు బీడీలు చుడతారు: నా భార్య, పక్కింటి అక్క, వెనక వీధి నుంచి వచ్చే ఒక కోడలుపిల్ల. అక్కకు అరవై దాటాయి. కోడలుపిల్లకు పాతిక ఉంటాయేమో. ముగ్గురివీ మూడు చాటలు, మూడు కత్తెరలు. తడి గోనె కప్పిన ఆకుమూటలు మాత్రం ఒకేచోట, గోడ పక్కన. షెడ్డుకూ ఇంటికీ కరెంటు మీటర్లు వేరు. నాకు ఆ రెండు మీటర్లూ ఇద్దరు బంధువుల వంటివి. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఏడింటికి పలకరించకపోతే నొచ్చుకుంటారేమోనన్నట్టు ప్రవర్తిస్తాను.

జనవరి పంతొమ్మిదిన కుంఠా నాకా దగ్గరి ఒక హాలులో ఒక ఇంజనీరు, ఇళ్లలో, చిన్న కార్ఖానాల్లో తక్కువ ఖర్చుతో కరెంటు ఆదా చేసుకోవడం గురించి మాట్లాడాడు. వచ్చినవాళ్లలో సగం మంది చాయ్ కోసం వచ్చారు. నేను పెన్నుతో వచ్చాను. ఆయన చెప్పిన మొదటి మాట: ఏదైనా కొనేముందు కొలవండి. ఆ ఒక్క మాటకే నా కళ్లు చెమర్చాయి. నలభై తొమ్మిదేళ్ల జీవితంలో నన్ను మెచ్చుకుంటూ ఎవరైనా మాట్లాడడం అదే మొదటిసారి అనిపించింది. ఆయన నన్ను చూడనైనా లేదు.

తర్వాతి సెలవు రోజున కొలతలు తీశాను. ఆ రోజును ఎంచుకోవడానికి నా దగ్గర గట్టి కారణముంది. మామూలు రోజున సాంచాలు నడుస్తుంటాయి, నాకు తీరిక ఉండదు. ఇంట్లో మనుషులు, చాటలు, మూటలు అడ్డం వస్తాయి. సెలవు రోజున సాంచాలు ఆగుతాయి. ఆడవాళ్లు ముగ్గురూ బజారుకు పోయారు. ఏ అడ్డూ లేని ఇంట్లో టేపు పట్టుకొని తిరిగాను. వరండా పొడవు పద్నాలుగు అడుగులు, వెడల్పు తొమ్మిది. నా భార్య కూర్చునే చోట కూర్చొని, పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు వరకు గంటకొకసారి దినపత్రికలోని సన్నక్షరాలు చదివి, చదవగలిగానా లేదా అని రాసుకున్నాను. పెళ్లిళ్ల ప్రకటనలు ఆ రోజు చదివినంత శ్రద్ధగా, నా పెళ్లికి ముందు కూడా చదవలేదు.

ఆ కొలతల నుంచి ఒక పథకం పుట్టింది. షెడ్డులో ఆరు పాత ట్యూబులైట్లు తీసి ఎల్‌ఈడీవి పెట్టడం, జారుతున్న మోటారు బెల్టులు బిగించడం. గదుల్లో రెండు అరవై వాట్ల బల్బుల స్థానంలో తొమ్మిది వాట్లవి వేయడం. అన్నిటికన్నా ముఖ్యమైనది, నేను పుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకున్నది: వరండా కప్పులో ఒక రేకు తీసేసి, ఆ స్థానంలో వెలుతురు దిగే పారదర్శకమైన రేకు వేయడం. అది వేస్తే వరండాలో పగలంతా వెలిగే ట్యూబులైటు అవసరం ఉండదు. రోజుకు 0.4 యూనిట్లు. గదుల బల్బుల మీద మరో 0.4. జనవరిలో ఇంటి సగటు 4.2 కనుక, ఇక మీద 3.4 రావాలి.

ఫిబ్రవరి ఎనిమిదిన రేకు వేయించాను. అది సరిగ్గా నా భార్య తల మీదికే రావాలని, కప్పు నుంచి దారం వేలాడదీసి, దాని చివర ఒక నూలు కండె కట్టి, ఆ కండె ఊగడం మానేంత వరకు నేలమీద కూర్చున్నాను. కప్పు మీదున్న రేకుల మనిషి రెండుసార్లు బీడీ ముట్టించుకున్నాడు. పాత ట్యూబులైటు పట్టీతో సహా అటక ఎక్కింది. 'అమ్మవలసిన సామాను, వరుస సంఖ్య 3' అని రాసుకున్నాను. వరండా గోడకు ఒక చార్టు కాగితం అంటించి, రోజువారీ యూనిట్లకు గీత గీయడం మొదలుపెట్టాను.

గీత నేను చెప్పినట్టే విన్నది. 3.4. 3.4. ఒక రోజు 3.3. రాత్రి కంచం ముందు కూర్చోగానే ఆ అంకె చెప్పి, తర్వాతే అన్నం కలుపుకునేవాణ్ణి. షెడ్డు మీటరు కూడా దిగింది. అశోక్ చౌక్‌లో ఎదురైన ముగ్గురు సాంచాలవాళ్లకు, వాళ్లు అడగకుండానే, పారదర్శక రేకు గురించి ఉపన్యాసం ఇచ్చాను. వాళ్లలో ఒకరు నన్ను చూసి ఇప్పటికీ రోడ్డు దాటుతారు.

మార్చి పదిన మీటరు 3.8 చూపింది. మర్నాడూ అంతే. ఆ తర్వాతి రెండు వారాల్లో నేను చేసిన పనులను తేదీలతో సహా ఇవ్వగలను గానీ, పరువు కోసం కొన్నిటినే చెబుతాను. ఫ్రిజ్ తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి, లాగి, రబ్బరు సరిగ్గా ఉన్నదని తేల్చాను. ఇంట్లో అన్నీ ఆర్పించి మీటరు ముందు ఇరవై నిమిషాలు నిలబడ్డాను. అది కదలలేదు, నేనూ కదలలేదు. పక్కింటివాళ్లు తీగ వేసుకున్నారేమోనని గోడ పొడవునా చేత్తో తడిమాను. ఆ పక్కింటి అక్కే నాకు మంచినీళ్లు ఇచ్చి, "ఏమన్న పోయిందా తమ్మీ?" అని అడిగింది. చివరికి ఫోను ఛార్జర్లన్నీ బియ్యం డబ్బాలో దాచాను. 3.8. పెరిగిన అంకె సరిగ్గా 0.4 అని చార్టు మీద నేనే రాశాను. 0.4 అంటే ఏమిటో నా పుస్తకంలోనే, నా ఎర్ర సిరాలోనే ఉంది. అయినా తట్టలేదు. ఛార్జర్లనే అనుమానించాను.

పగలు నేను ఇంటి వైపు రాను. సాంచాలను వదిలిపెట్టి రావడం కుదరదు. పన్నెండున్నరకు నా భార్య డబ్బా తెచ్చి షెడ్డులో పెట్టిపోతుంది; రెండు సాంచాల నడుమ నిలబడి తింటాను. అందువల్ల నా ఇంటి పగళ్లు నాకు మీటరు ద్వారానే తెలుసు. మార్చి ఇరవై ఏడున మాత్రం ఒంటిగంటకు మూడో సాంచె బెల్టు తెగింది. అతుకు వేయడానికి తోలుముక్క కోసం లోపలికి వచ్చాను.

వరండా ఖాళీగా ఉంది. నేను కండె వేలాడదీసి నిర్ణయించిన స్థలంలో ఎండ చదరంగా, ధగధగలాడుతూ పడుకొని ఉంది. లోపలి గది తలుపు మూసి ఉంది. కింది సందులోంచి తెల్లటి వెలుగు. తలుపు నెట్టాను.

పది అడుగుల గదిలో, మంచం నిలువుగా గోడకు చేర్చి, ముగ్గురూ మోకాళ్లు తగిలేలా కూర్చొని ఉన్నారు. తంబాకు దుమ్ము గాలిలో నిలిచి ఉంది. ముఖాల మీద చెమట. కిటికీ చువ్వకు చీరపేలికతో కట్టి, అటక మీద ఉండవలసిన నా వరుస సంఖ్య 3 ట్యూబులైటు వెలుగుతోంది. అలాంటి దృశ్యం చూసిన ఏ మనిషైనా ముందు ఏమంటాడో నాకు తెలియదు. నేనన్నది పుస్తకంలో ఉంది.

"పాయింట్ నాలుగు! పాయింట్ నాలుగు ఇదేనా!"

కోడలుపిల్ల అక్క వైపు చూసింది. "పాయింట్ నాలుగు అంటుండు, మామకు జ్వరమేమన్న ఉన్నదా?"

"జ్వరం కాదే పోరీ, యూనిట్లు," అంది అక్క. తల ఎత్తకుండానే బీడీ మూతి మడిచింది. "దొరికినంలే తమ్మీ. ఇగ పోలీసులను పిలుస్తవో ఏం చేస్తవో గాని, ముందుగాల తలుపు ముయ్యి. ఆకు ఆరుతున్నది."

"ఎన్ని రోజుల నుంచి?" అన్నాను.

"పదో తారీఖు నుంచి," అంది నా భార్య. "రాసుకో."

సంగతి ఆ తర్వాత ముక్కలుగా తెలిసింది. నేను కొలిచిన సెలవు రోజున ఆకుమూటలు లేవు. అందుకే నా పటంలో ఆకుమూటలు లేవు. రేకు వేసిన మొదటి వారంలో ఎండ పలక సరిగ్గా గోడ పక్కన, తడి గోనె మీద పడింది. గోనె గంటలో ఎండిపోయేది. తడిలేని తునికాకు చుడుతుంటే చిట్లుతుంది, మూతి మడిస్తే పగులుతుంది. మూటలు జరిపారు. రోజులు గడిచే కొద్దీ సూర్యుడు పైకి ఎక్కాడు, ఎండ పలక చాటల మీదికి నడిచి వచ్చింది. వాళ్లు పక్కకు జరిగారు, అది వెంట జరిగింది. చివరికి లోపలి గదిలోకి చేరారు; నేను వచ్చేలోపు రోజూ లైటు విప్పి మళ్లీ అటక ఎక్కించేవారు. ముప్పై ఏళ్లుగా తేదీలు రాస్తున్న నాకు, సూర్యుడికీ తేదీలుంటాయని తోచలేదు.

బీడీ కార్ఖానాలో నా భార్యకు పద్దెనిమిదేళ్లుగా వెయ్యి బీడీల ఆకు కార్డు ఉంది. రోజూ వెయ్యికి సరిపడా ఆకూ తంబాకూ ఇస్తారు, వెయ్యి బీడీలు అప్పజెప్పాలి. ఫిబ్రవరి చివర నుంచి, బీడీలు పరీక్షించి తీసుకునే చెక్కర్ రోజుకు వంద, నూట ఇరవై బీడీలు పగిలినవని తీసిపారేశాడు. చీకటి గదిలోకి మారాక పగలడం తగ్గింది గాని, ఉక్కకు, ఇరుకుకు చేతులు సాగక లెక్క ఏడు వందల యాభైకి పడింది. ఇట్లాగే ఉంటే సగం ఆకు కార్డు రాస్తానని చెక్కర్ చెప్పాడట. సగానికి దిగినవాళ్లు మళ్లీ వెయ్యికి ఎక్కిన దాఖలా ఆ కార్ఖానాలో లేదు. నేను 0.4 యూనిట్ల కోసం గోడలు తడుముతున్న రోజుల్లో నా భార్య పోగొట్టుకోబోతున్నది అది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పుదామనే అనుకున్న," అంది. "రోజు అన్నం ముంగట కూసొని మూడు పాయింట్ నాలుగు, మూడు పాయింట్ నాలుగు అనుకుంట మురుసుకుంట తింటివి. పెండ్లయి ఇరవై నాలుగేండ్లాయె. నా వంట తిని నువ్వట్ల మురిసింది ఎన్నడు చూల్లేదు. ఎట్ల చెప్పాలె?"

"చెప్తే నువ్వు ఖరాబైతవు, చెప్పకుంటే ఆకు ఖరాబైతది," అంది అక్క. "జరా ఆలోచన చేసి ఆకునే ఖరాబ్ చేసుకున్నం."

మర్నాడు నేనూ కార్ఖానాకు వెళ్లాను. వద్దని నా భార్య చెప్పిన సంగతి కూడా నమోదు చేస్తున్నాను. ఆడవాళ్ల వరుసలో నేనొక్కణ్ణే మగవాణ్ణి, చంకలో పుస్తకం. చెక్కర్ ఒక్కొక్క కట్ట విప్పి, బొటనవేలితో మూతులు నొక్కి, పనికిరానివి వెనకకు విసురుతున్నాడు. మా వంతు రాగానే పుస్తకం తెరిచి, రేకు కొలతలతో మొదలుపెట్టాను. ఆయన రెండు నిమిషాలు విన్నాడు. అది ఆయన మంచితనం.

"మాలక్, మీరు టవెళ్లు నేస్తరు కదా?"

"అవును."

"టవెల్ల ధాగా తెగి ఉంటే, గిరాకీకి కరెంటు హిసాబ్ చూపిస్తరా?"

వరుస మొత్తం నవ్వింది. వెనక నుంచి ఎవరో "చూపిస్తడు, గాయన చూపిస్తడు!" అన్నారు. నా భార్య నవ్వలేదు. చెక్కర్ ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"బాయీ, నీ చెయ్యి నాకు తెల్వదా? గాని నా పైన కూడా చూసేటోళ్లు ఉన్నరు. వచ్చే శనివారం దాక చూస్త. ఆ రోజు వెయ్యి పూరా రావాలె, పదిహేనుకంటే ఎక్కువ తీసేటట్టు ఉండొద్దు. లేకుంటే ఐదు వందలు రాయాల్సిందే."

ఆ మర్నాడు నాలుగు సాంచాలూ ఆపేశాను. పని రోజున సాంచాలను నా అంతట నేను ఆపడం అదే మొదటిసారి. పొద్దున నుంచి సాయంత్రం దాకా వరండాలో ఒక మూల కూర్చొని, ఈసారి మనుషులు, మూటలు, చాటలు ఉన్న ఇంటిని కొలిచాను. నా కొత్త పథకం చెప్పడానికి నోరు తెరిచాను. ఉత్తరం వాలుకు రేకు మార్చడం, దాని ఖర్చు, రెండు రకాల నిచ్చెనలు.

"నిచ్చెన ఒక్కటి చాలు," అంది అక్క. "సున్నం తెచ్చి గంజిల కలుపు. రేకు మీద పల్చగ పూతెయ్యి. వెలుగు దిగుతది, ఎండ దిగది."

"వానకు కడుక్కపోతుంది కదక్కా," అన్నాను, కనిపెట్టినవాడిలా.

"వానకాలంల ఎండేడిదిరా? అప్పుడు మొగులుకు అసలే చీకటైతది, పూత పోతేనే మంచిది. మళ్ల చలికాలం ఏసుకో."

పుస్తకంలో రాసుకోవడానికి చాలాసేపు పట్టింది. అందులో తప్పు ఎక్కడుందో వెతుకుతూ రాశాను. దొరకలేదు. నూలుకు గంజి పట్టించిన ఇంట్లో పుట్టిన నాకు రాని ఆలోచన అది. ఇక దీపం సంగతి కోడలుపిల్ల తేల్చింది. "మామా, లైటు గంత మీద ఎందుకు? మేము కప్పును చూసుకుంట చుడతమా? తాడు కట్టి మా నెత్తి దాక దించు." తొమ్మిది అడుగుల ఎత్తున ఉన్న పాత ట్యూబుకన్నా, కూర్చున్నవాళ్ల తలకు మూరెడు పైన వేలాడే పద్దెనిమిది వాట్ల ఎల్‌ఈడీ ఎక్కువ వెలుగిచ్చింది. అది కూడా పొద్దున, సాయంత్రం మాత్రమే కావాలి. మిగిలిన సున్నంతో వరండా రేకులన్నిటికీ పై నుంచి పూత వేశాను. మధ్యాహ్నం నెత్తిమీద దిగే వేడి తగ్గిందని ముగ్గురూ ఒప్పుకున్నారు. వేడిమి ఎంత తగ్గిందో కొలుస్తానంటే, వద్దన్నారు.

వారం గడిచింది. రోజుకు ఎనిమిది వందల ఎనభై, తొమ్మిది వందల ఇరవై, తొమ్మిది వందల అరవై. శుక్రవారం సాయంత్రం కట్టలు కడుతుంటే, మర్నాటికి అప్పజెప్పవలసిన వెయ్యిలో ఇరవై తక్కువ పడ్డాయి. నా భార్య వంటకు లేచింది, తిన్నాక కూర్చుంటానని. కొలతల రోజున మూల కూర్చొని వాళ్ల చేతులు గంటల తరబడి చూశాను. ఒక బీడీకి ఎన్ని మెలికలో, దారం ఎన్ని చుట్లో నా దగ్గర రాసి ఉంది. చాట ముందు కూర్చున్నాను. ఆమె వంట ముగిసేలోపు ఇరవై చుట్టి, వేర్వేరు కట్టల నడుమ దూర్చి, దారం బిగించాను. ఆమె వచ్చి లెక్క చూసుకొని, "నేనే తప్పు లెక్క పెట్టిన్నేమో," అంది. నేను నిజం చెప్పలేదు. సాయపడ్డానన్న ఆనందంలో ఉన్నాను.

శనివారం చెక్కర్ నలభై కట్టలూ విప్పించాడు. మొదటి పన్నెండు కట్టల్లో ఒక్కటి తీశాడు. పదమూడో కట్టలో ఆగి, ఒక బీడీని వేళ్ల మధ్య తిప్పి, వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇదేంది బాయీ? బీడీనా, కండెనా?"

ఆమె దాన్ని తీసుకొని చూసింది. తర్వాత నన్ను చూసింది. పద్దెనిమిదేళ్ల కార్డు ఆ చూపులో ఉంది. చెక్కర్ విసరడం మొదలుపెట్టాడు. ఏడు. పది. పదమూడు. నేను అంకెలను ప్రేమించడం ఆ బల్ల ముందు పూర్తిగా మానేశాను. ముప్పై ఎనిమిదో కట్టలో పద్నాలుగోది పడింది. మిగతా రెండు కట్టల్లో ఏమీ తీయలేదు. నావి ఇంకా ఆరో ఏడో ఆయన వేలిని తప్పించుకొని కార్ఖానా లోపలికి వెళ్లిపోయాయి. వాటిని కాల్చబోయేవాళ్లకు నా క్షమాపణలు.

నా భార్య విసిరేసిన వాటిని ఏరి, వరుసగా బల్ల మీద పేర్చింది. "గీ ఒక్కటి నాది," అంది. "మిగతయి గాయన చేతియి. చూడు, అన్నిటికి దారం సమంగ ఐదు చుట్లు."

చెక్కర్ నా వైపు, నా చంకలో పుస్తకం వైపు చూశాడు. నవ్వు ఆపుకోవడానికి కార్డు మీదికి తల వంచి, వెయ్యి అని రాసి, ముద్ర వేశాడు.

"వెయ్యి ఆకు రాసిన. గాని బాయీ, మాలక్‌ను మాత్రం చాట కాడికి రానియ్యకు."

"ఇగ రాడు," అంది. కార్డు మడిచి సంచిలో పెట్టుకుంది. ఆకు తూచేవాడు పైనున్న ఎండు కట్టలు వేయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, కిందివి తీయించి, ఒక్కొక్కటీ విప్పి చూసి వేయించుకుంది. మూట కట్టడం అయ్యాక నా ముందుకు జరిపింది.

"ఎత్తు. నీకొచ్చిన పని ఇదొక్కటే."

ఎత్తాను. బరువెంతో అడగలేదు.